అమ్మమ్మ ఫోన్లో ఎన్ని వేలిముద్రలు?

ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్ తీసుకుని సెట్టింగ్స్‌లో సెక్యూరిటీకి, అక్కణ్ణించి ఫింగర్‌ప్రింట్‌కి వెళ్ళండి. పిన్ అడుగుతుంది. అమ్మమ్మకి పిన్ గుర్తులేక ఏడో తరగతి మనవణ్ణి కేకెయ్యాల్సి వచ్చిందా, ఇంక లోపల చూడాల్సిందేమీ లేదు. ఆ ఫోన్ ఎవరిదో తేలిపోయింది. ఒకవేళ పిన్ చెప్పగలిగితే లోపల వేలిముద్రల జాబితా కనిపిస్తుంది. ఒకటి, రెండు, మూడు, ఒక్కోసారి నాలుగు. అమ్మమ్మ వేళ్ళు చూస్తే నాట్లేసీ, కొబ్బరి పీచు తీసీ అరిగిపోయినవి, రేషన్ మిషన్ మీదే సరిగ్గా పడవు. మరి ఆ నాలుగూ ఎవరివి?

కోనసీమలోనూ, ఇటు నరసాపురం, పాలకొల్లు వైపూ పిల్లల చేతికి స్మార్ట్‌ఫోన్ ఎక్కువగా ఈ దారినే వస్తుంది. పుట్టినరోజుకి డబ్బాతో సహా కొనిచ్చే ఇళ్ళు తక్కువ. ఇంటికని కొన్న ఫోన్ ఆర్నెల్లు తిరక్కుండా పిల్లాడిదైపోతుంది. లాక్ వాడు పెట్టిందే, వాల్‌పేపర్ వాడు మార్చిందే, రీచార్జి మాత్రం నాన్నది. “మేం మా వాడికి ఫోన్ కొనివ్వలేదండి” అని చెప్పుకునే తల్లిదండ్రులు అబద్ధమాడటం లేదు. కానీ ఆ నిజంతో ఒరిగేదేమీ లేదు. మన దగ్గర వాయిదా వెయ్యాల్సింది ఫోన్ చేతులు మారడాన్ని. అది బడీ, ఇళ్ళూ ఒకే ఏడాది, ఒకే మాట మీద నిలబడితేనే సాధ్యమని నా వాదన.

ఐర్లండ్‌లో గ్రేస్టోన్స్ అని సముద్రపొడ్డు ఊరొకటి ఉంది. 2023లో అక్కడి ఎనిమిది ప్రాథమిక పాఠశాలల తల్లిదండ్రుల సంఘాలు కూడబలుక్కుని, పిల్లలు హైస్కూల్లో చేరేదాకా స్మార్ట్‌ఫోన్ ఇవ్వబోమని కట్టుబాటు చేసుకున్నాయి. చట్టం లేదు, జరిమానా లేదు, ఇష్టపడ్డవాళ్ళే చేరారు. అంతకు ముందే, 2017లో అమెరికాలోని టెక్సస్‌లో ‘వెయిట్ అంటిల్ ఎయిత్’ అని ఒక ప్రతిజ్ఞ మొదలైంది. ఎనిమిదో తరగతి దాకా ఆగుదామన్నది దాని సారం. ఒకే బడిలో ఒకే తరగతి పిల్లల కుటుంబాలు 10 సంతకం చేస్తే గానీ అది అమల్లోకి రాదు. ఆ పది అన్న షరతులోనే తెలివంతా ఉంది. “అందరికీ ఉంది, నాకే లేదు” అన్న ఏడుపు బలం తగ్గడానికి క్లాసు మొత్తం కలిసిరానక్కర్లేదు, పదిమంది చాలు. డెల్టా రైతుకి ఈ లెక్క ఒకరు నేర్పాలా? దాళ్వాలో, అంటే రెండో వరి పంటకి, వంతులవారీగా నీళ్ళు వదిలినప్పుడు ఎగువన ఒకడు రాత్రికి రాత్రి తూము ఎత్తేస్తే శివారు చేలు ఎండుతాయి. చేను ఎవడిది వాడిదే, నీళ్ళు మాత్రం అందరివీ.

అలాగని వాళ్ళ కాగితాన్ని తెలుగులో రాసుకుంటే మనకి పనికిరాదు. అక్కడ మాట ‘పిల్లలకి కొనను’ అన్నది. ఇక్కడ ఫోన్ ముందే ఇంట్లో ఉంది, నట్టింట్లో తిరుగుతోంది. దాని లాక్ ఎవరికి తెలుసు, రాత్రి ఎక్కడ పడుకుంటుంది, ఏ పనికి పిల్లల చేతికి వెళుతుంది అన్నవే మన కాగితంలో ఉండాలి.

ఆ మూడోదానికి జవాబు వెతికితే నేరుగా బడి గేటు దగ్గరికే వెళ్తాం. చెప్పేవి శ్రీరంగనీతులన్న సామెత ఊరికే రాలేదు. పిల్లలకి ఫోన్లివ్వకండని పేరెంట్స్ మీటింగ్‌లో మైకు పట్టుకుని చెప్పిన బడే సాయంత్రం ఏడింటికి వాట్సాప్ గ్రూపులో హోంవర్క్ పెడుతుంది. కరోనా నాటి అలవాటు, కరోనా పోయినా పోలేదు. ఏడింటికి నాన్న చెరువు దగ్గరో కొట్లోనో ఉంటాడు, అమ్మ వంటింట్లో ఉంటుంది. కాబట్టి గ్రూపు తెరిచేది పిల్లే. హోంవర్క్ ఎక్కించుకోవడానికి పట్టేది ఐదు నిమిషాలు. దాని కింద ఒక పీడీఎఫ్, పీడీఎఫ్ కింద ఒక యూట్యూబ్ లింకు, లింకు పక్కన షార్ట్స్. ఫోన్ తిరిగి పెద్దల చేతికొచ్చేసరికి తొమ్మిదిన్నర. అన్నట్టు, వాట్సాప్ తన షరతుల్లో తనే పెట్టుకున్న కనీస వయసు 13 ఏళ్ళు. ఆరో తరగతి పిల్లకి 11.

దీనికి విరుగుడు పాతదే, డైరీ. చివరి పీరియడ్‌లో చివరి పది నిమిషాలు బోర్డు మీద హోంవర్క్ రాసి, పిల్లల చేత ఎక్కించాలి. ఏడో తరగతి దాకా క్లాస్ టీచర్ చూసి టిక్కు పెట్టాలి. పది నిమిషాలే అనుకుంటాం గానీ, టైమ్ టేబుల్లో రాసి పెట్టకపోతే రెండో వారానికే సిలబస్ దాన్ని మింగేస్తుంది. ఆ రోజు బడికి రాని పిల్లకి మర్నాడు పొద్దున లీడర్ డైరీ చూసి రాసుకునే వీలు, ఆ హోంవర్క్‌కి ఒకరోజు గడువు ఇవ్వాలి. ఈ గడువు లేని చోట మొదటి జ్వరంతోనే కట్టుబాటు తెగుతుంది. వాళ్ళమ్మ “మేడమ్, ఇవాళ్టి హోంవర్క్ పెట్టండి” అని గ్రూపులో అడుగుతుంది, మేడమ్ మొహమాటపడి బోర్డు ఫొటో పెడుతుంది, మర్నాటినుంచి అందరూ ఫొటో కోసమే కూర్చుంటారు.

గ్రూపు తీసెయ్యక్కర్లేదు. సెట్టింగ్స్‌లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చి, సెలవు, ఫీజు, బస్సు ఆలస్యం లాంటి పెద్దల సంగతులకే ఉంచాలి. అవీ సాయంత్రం ఆరు లోపే. ఇక టీచర్లు గ్రూపు ఎందుకు వదలరో ఒక అసలు కారణం ఉంది. హోంవర్క్ ఇచ్చామని యాజమాన్యానికి చూపించడానికి చాలా ప్రైవేటు బడుల్లో ఆ మెసేజే రుజువు. ఆ రుజువుకి మరో దారి చూపించకుండా టీచర్ని మానమంటే మానదు, మానడం ఆమె చేతిలోనూ లేదు. వారానికొకసారి ప్రిన్సిపాల్ ఒక్కో క్లాసు నుంచి ఐదు డైరీలు తెప్పించి చూస్తే సరిపోతుంది. ‘నెట్‌లో చూసి బొమ్మలు ప్రింట్ తీసి అంటించండి’ బాపతు ప్రాజెక్టులకి శనివారం కంప్యూటర్ ల్యాబ్‌లో ఒక పీరియడ్ ఇవ్వాలి, లేదంటే ఆ ప్రాజెక్టే వద్దు. నెట్ సెంటర్ వాడు ప్రింట్ తీసిన పది బొమ్మల్లో పిల్లలు నేర్చిందేమిటో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ట్యూషన్ మాస్టార్లని మర్చిపోతే ఇదంతా బూడిదలో పోసిన పన్నీరే. బడి మానేసిన పని వాళ్ళ గ్రూపులో సాగుతుంది. వాళ్ళ మీద హెడ్‌మాస్టరుకి అధికారం లేదు, ఫీజు కట్టే తల్లిదండ్రులకుంది. ఒకే మాస్టారి దగ్గరికి వెళ్ళే నలుగురు పిల్లల తల్లులు కలిసి అడిగితే ఆయన కాదనడు.

చదువు కోసమే కదా అనేవాళ్ళకి, పల్లె పిల్లల చదువుల మీద సర్వే చేసే ఆసర్ వాళ్ళ 2024 నివేదిక ఒకసారి చూపించాలి. దేశంలోని పల్లెల్లో 14–16 ఏళ్ళ పిల్లల్లో స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసినవాళ్ళని అడిగితే, అంతకు ముందు వారంలో చదువుకి సంబంధించిన పనికి వాడామన్నవాళ్ళు 57 శాతం, సోషల్ మీడియాకి వాడామన్నవాళ్ళు 76 శాతం. మరోవైపు, బడిలో నిషేధిస్తే చాలుననే హెడ్‌మాస్టర్లకి చూపించాల్సింది ఇంకొకటుంది. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 30 బడుల్లో 1,227 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 2025లో వచ్చింది. ఫోన్ నిషేధించిన బడుల పిల్లలకీ, అనుమతించిన బడుల పిల్లలకీ మానసిక క్షేమంలో తేడా కనిపించలేదు. కారణం కూడా అందులోనే ఉంది. బడిలో వాడకం తగ్గినా రోజు మొత్తంగా, వారం మొత్తంగా చూస్తే వాడకం తగ్గలేదు. ఏటిగట్టుకి ఒకచోట గండి పూడ్చి రెండోచోట వదిలేస్తే ఊరు మునగకుండా ఉంటుందా!

ఇప్పుడు తల్లిదండ్రుల న్యాయమైన భయం. లంక గ్రామాల పిల్లలు పడవెక్కి బడికెళ్తారు. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు మీద, అంటే రేవు దాటించే పెద్ద పడవ మీద, దాటేవాళ్ళున్నారు. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక పడిందంటే, పిల్ల ఏ ఒడ్డున ఉందో తెలియకపోతే ఏ తల్లికి కాలూ చెయ్యీ ఆడుతుంది? అలాంటివాళ్ళకి ఫోనే వద్దని చెప్పడం అన్యాయం. కీప్యాడ్ ఫోన్ ఇవ్వండి. వరదల్లో కరెంటు పోయినా దాని బ్యాటరీ రెండు మూడు రోజులు ఆగుతుంది, స్మార్ట్‌ఫోన్ ఆగదు.

అయితే కీప్యాడ్ అన్నదల్లా ఒకటి కాదు, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. బీరువాలో ఉన్న పాత 2జీ నోకియాలో జియో సిమ్ వేస్తే సిగ్నల్ రాదు. జియోకి 2జీ నెట్‌వర్కే లేదు. ఆ ఫోన్‌కి ఎయిర్‌టెల్ లాంటి 2జీ ఉన్న సిమ్ కావాలి. సరే, 4జీ కీప్యాడ్ కొందామని వెళ్తే అందులో కొన్ని యూట్యూబ్ వీడియోలు ఆడేవి. బటన్లున్నాయి కదా అని మోసపోకూడదు. కొట్లోనే మెనూ మొత్తం తిప్పి చూసి, వీడియో యాప్‌లు లేనిది ఎంచుకోండి. రీచార్జి కూడా డేటా లేనిది వేయించాలి. మాటలకీ, ఎస్సెమ్మెస్‌లకీ మాత్రమే పనికొచ్చే ప్యాక్‌లు కంపెనీలు విధిగా ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. కొట్టువాడు ముందుగా చూపించేది డేటా ప్యాకే, కాబట్టి అడిగి తీసుకోండి. సిమ్ ఎలాగూ పెద్దల పేరుమీదే. 18 ఏళ్ళ లోపు వాళ్ళకి సిమ్ ఇవ్వరు.

కీప్యాడ్‌తో తీరని అవసరం ఒక్కటుంది, గల్ఫ్‌లో ఉన్న అమ్మ. ఈ డెల్టాలో అమ్మమ్మల దగ్గర పెరుగుతున్న పిల్లలెంతమందో వీధికొక ఇల్లు చెబుతుంది. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి తొమ్మిదికి గిన్నెలు కడిగి ఫోన్ పట్టుకుంటే ఇక్కడ పదకొండున్నర. రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ ముట్టుకోకూడదని పెద్ద అక్షరాలతో రాసిన కాగితం ఆ ఇంట్లో మొదటి రాత్రే చిరిగిపోతుంది, చిరగాలి కూడా. అందుకని మినహాయింపుని ముందే రాసుకోవాలి. అమ్మతో వీడియో కాల్ ఏ లెక్కలోకీ రాదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా ఏడాదిన్నర లోపు పసివాళ్ళకి స్క్రీన్ వద్దంటూ వీడియో కాల్ ఒక్కదాన్నీ మినహాయించింది. కువైట్‌లో మధ్యాహ్నం భోజనాల తర్వాత పని తెరిపి దొరికితే, రెండు నుంచి నాలుగు మధ్య, అది ఇక్కడ నాలుగున్నర నుంచి ఆరున్నర. పిల్లలు బడినుంచి వచ్చే వేళే. వీలైనన్ని కాల్స్ అప్పటికి మార్చుకోమని అమ్మకే చెప్పాలి. దుబాయ్‌లో ఉన్నవాళ్ళయితే తేడా గంటన్నరే, కాకపోతే అక్కడ వాట్సాప్ కాల్ కలవదు, బోటిమ్ లాంటి యాప్ పెట్టుకోవాలి. తంటా కాల్‌తో రాదు, కాల్ అయ్యాక వస్తుంది. అమ్మ “ఉంటానమ్మా” అన్నాక ఫోన్ పిల్ల చేతిలోనే మిగిలిపోతుంది. హాల్లో బల్ల మీద వంద రూపాయల స్టాండులో ఫోన్ నిలబెట్టి మాట్లాడించండి. చేత్తో పట్టుకోని ఫోన్ చేతిలో మిగలదు.

అమ్మమ్మ ఫోన్‌కి తిరిగొస్తే, ముందు వేలిముద్రలన్నీ తీసేసి ఆరంకెల పిన్ పెట్టాలి. పుట్టిన సంవత్సరం, ఫోన్ నంబరు చివరి అంకెలు వద్దు, పిల్లలు మొదట కొట్టి చూసేవి అవే. గీత గీసే ప్యాటర్న్ అసలొద్దు, మంచం మీంచి చూసినా తెలిసిపోతుంది. పెద్దావిడ ఆ పిన్ పదిసార్లు కొట్టి అలవాటు చేసుకోవాలి. అలవాటు కాకపోతే మళ్ళీ మనవణ్ణే పిలుస్తుంది, కథ మొదటికొస్తుంది. వేలిముద్ర పడక, పిన్ గుర్తుండక ఇబ్బందైతే స్మార్ట్‌ఫోన్‌ని ఇంట్లో ఇంకొకరికి మార్చి ఆవిడకి కీప్యాడ్ ఇవ్వడమే మేలు. పగిలిందని పక్కనపెట్టిన పాత ఫోన్ సంగతీ చూడండి. సిమ్ లేకపోయినా హాట్‌స్పాట్‌తో బ్రహ్మాండంగా నడుస్తుంది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, బీరువా తాళం పట్టగలదు. రాత్రిళ్ళు ఫోన్లన్నీ హాల్లో ఒకే ప్లగ్గు దగ్గర చార్జింగ్‌లో ఉండాలి. నాన్నదీ అక్కడే.

ఇక కట్టుబాటు ఎవరితో ఎవరు చేసుకోవాలి? క్లాసు నలభై మందితో మొదలుపెట్టొద్దంటాను. పిల్లలు తమని పోల్చుకునేది బడి ఆటోలో పక్కన కూర్చున్నవాడితో, వీధిలో క్రికెట్ ఆడేవాడితో. ఒక ఆటోలో వెళ్ళే ఎనిమిది మంది పిల్లల ఇళ్ళు ముందు ఒప్పుకుంటే క్లాసులో పది కుటుంబాలవడం కష్టం కాదు. తల్లుల దగ్గరికి వెళ్ళడానికి డ్వాక్రా సంఘం మీటింగ్‌ని మించిన చోటు లేదు. పదిమంది ఒకచోట కూర్చుని లెక్కలు చూసుకునే అలవాటు వాళ్ళకి ఎప్పట్నుంచో ఉంది. ప్రభుత్వ బడిలో అయితే విద్యాహక్కు చట్టం ప్రకారం యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్ళు. తీర్మానం అక్కడ చెయ్యొచ్చు. తల్లిదండ్రులందర్నీ బడికి పిలిచే మెగా పీటీఎంలో ప్రకటించవచ్చు గానీ, ఆ సందడిలో ఒప్పించడం అయ్యే పని కాదు.

సమావేశం జూన్ 12న బడి తెరిచాక పెడదామనుకుంటారు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఏప్రిల్ 24 నుంచి యాభై రోజుల సెలవుల్లోనే ఫోన్ చేతులు మారేది. పైగా జూన్‌లో కాలవలకి నీళ్ళొచ్చాయంటే నారుమళ్ళు, ఆ తర్వాత నాట్లు, ఇంకెవరొస్తారు? ఏప్రిల్ రెండో వారంలో, ఐదో తరగతి పిల్లల తల్లిదండ్రులతో ఒకటి, ఏడో తరగతి వాళ్ళతో ఒకటి పెట్టండి. దాళ్వా కోతలు అప్పుడే కాబట్టి పగలు వద్దు. రాత్రి ఏడున్నరకి, నలభై నిమిషాలు, ఉపన్యాసాలు లేకుండా. కాగితం ఒక పేజీ దాటకూడదు. దాదాపు ఇలా ఉంటే చాలు:

“పదో తరగతి పూర్తయ్యేదాకా మా పిల్లలకి సొంత స్మార్ట్‌ఫోన్ గానీ ట్యాబ్ గానీ ఉండదు. ఇంటి ఫోన్ లాక్ పెద్దలకే తెలుసు. రాత్రి తొమ్మిదికి ఫోన్లు హాల్లో ఉంటాయి. దూరాన ఉన్న అమ్మానాన్నలతో కాల్‌కి ఈ నియమం లేదు. ఆడపిల్లలకీ మగపిల్లలకీ ఒకటే వయసు. బడి హోంవర్క్ ఫోన్లో పంపదు. మాట తప్పితే తిరిగి చేరతాం.”

ఆడపిల్ల, మగపిల్లాడు అన్న వాక్యం తీసేద్దామని ఎవరో ఒకరు అంటారు. తీసెయ్యొద్దు. అది లేకపోతే ఈ కాగితం అక్క దగ్గర ఫోన్ లాక్కుని తమ్ముడికివ్వడానికి పనికొస్తుంది. పైగా ఏదైనా వేధింపు ఎదురైన పిల్ల ఫోన్ పోతుందన్న భయంతో నోరు విప్పదు. చెప్పినందుకు శిక్ష ఉండదని ఇంట్లో మాటివ్వాలి, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు డైరీ వెనక అచ్చువెయ్యాలి.

బడి వైపు నుంచి రెండు పనులు సరిగ్గా జరగాలి. ఆఫీసు ఫోన్ మోగితే ఎత్తే మనిషి ఉండాలి. కబురు చీటీ మీద రాసి పావుగంటలో పిల్లకి అందాలి. రెండుసార్లు ఎత్తకపోతే మూడోరోజు సంచిలో ఫోన్ పెట్టి పంపుతారు, వాళ్ళని తప్పుపట్టలేం. రెండోది, దొరికిన ఫోన్ సంగతి. పిల్లాడి ఎదుటే స్విచాఫ్ చేయించి, కవర్లో పెట్టి అంటించి, పేరు, టైము, అప్పటికే గాజు పగిలి ఉంటే ఆ మాట రాసి, వాడి సంతకం తీసుకుని బీరువాలో పెట్టాలి. అదేరోజు సాయంత్రం పెద్దలకివ్వాలి. టీచర్ ఎవరూ ఫోన్ తెరిచి గ్యాలరీ చూడకూడదు, ముఖ్యంగా ఆడపిల్లలది. పరీక్షలయ్యేదాకా ఉంచుకుంటామంటే గొడవే. అందులో నాన్న ఫోన్‌పే ఉంటుంది, రొయ్యల మేతకి డబ్బు కట్టాల్సింది దానితోనే. నెలన్నర తర్వాత పగుళ్ళతో తిరిగిచ్చిన ఒక్క ఫోన్ చాలు, తర్వాతి మీటింగ్ మొత్తం దాని మీదే నడుస్తుంది.

సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చే బాబాయి పిల్లల చేతుల్లో ఫోన్లుంటాయి. ఆ నాలుగు రోజులూ ఏమీ చెయ్యలేం, వదిలెయ్యండి. కనుమ మర్నాటినుంచి మళ్ళీ మామూలే.

అసలైన కొనుగోలు జరిగేది పదో తరగతి ఫలితాల తర్వాత. ఆ ఏడాది వచ్చిన మార్కులకి బహుమతిగా ఏప్రిల్ నెలాఖరులో కొంటారు. జూన్‌లో చేర్చే ఇంటర్ హాస్టల్లోనేమో ఫోన్ ఉండనివ్వరు. నలభై రోజులు రాత్రింబవళ్ళు చూసి, ఆపైన పెట్టె అడుగున దాచి పట్టుకెళ్ళడం నేర్చుకుంటారు. ఇస్తామన్న మాట నిలబెట్టుకోవాల్సిందే, కాకపోతే హాస్టలా, ఇంటినుంచి తిరిగే కాలేజీనా అన్నది తేలాకే కొనండి. హాస్టలైతే మొదటి సెలవులకి ఇంటికొచ్చినప్పుడు. కొన్నరోజు కొట్లోనే, వాడి వేలిముద్ర తర్వాత రెండో ముద్ర అమ్మది పెట్టించండి. రోడ్డు మీద ఏదైనా జరిగి ఆ ఫోన్ అమ్మ చేతికొస్తే తెరవగలగాలి. అంతకు మించి దాన్ని వాడనని అమ్మ కూడా వాడికి అక్కడే చెప్పాలి.